మా వియ్యంకుడు గారి జట్టు

మా వియ్యంకుడు గారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను మా ఆవిడకి ఇడ్లీ తినిపిస్తున్నాను. పొద్దున ఏడున్నర అయి ఉంటుంది. "నాన్నా, మామయ్యగారు..." అని మా అమ్మాయి ఆగిపోయింది. తర్వాత మా అల్లుడు మాట్లాడాడు. తోటలోకి వెళ్ళొచ్చి కాఫీ అడిగారట. ఛాతీ పట్టేసినట్టుందని మంచం మీద వాలారట. తిరువూరు ఆస్పత్రిలో చూసి విజయవాడ తీసుకెళ్ళమన్నారు. కారు ఎ.కొండూరు దాటకముందే అయిపోయింది.

ఫోన్ పెట్టేసి మిగిలిన ఇడ్లీ కూడా తినిపించాను. సగంలో ఆపితే మాత్రలు వేయడం కుదరదు. మా ఆవిడకి నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయవు. మాట ముద్దగా వస్తుంది. ఏమైందన్నట్టు నా మొహంలోకి చూసింది. "అన్నయ్యగారు పోయారంట" అన్నాను. ఎడమ చేత్తో నా మోకాలు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

బంధువులకి చెప్పే పని మా అల్లుడు చూసుకున్నాడు. నాకు ఇంకొక పని మిగిలింది. ఆయన ఫోన్లో ఆడే ఆటలో ముప్పై మందికి పైగా ఉన్నారు, వాళ్ళకి చెప్పాలి. వాళ్ళలో ఒక్కరి మొహం కూడా నేను చూసి ఎరగను. అరవై ఎనిమిదేళ్ళ రైతు ఫోన్లో ఆటలాడటం ఏమిటని మీకు నవ్వు రావచ్చు. మొదట్లో నాకూ వచ్చింది.

వియ్యంకుళ్ళంటే ఎలా ఉంటారో మీకు తెలుసు. కనిపిస్తే లేచి నిలబడటం, "బావగారూ బాగున్నారా" అనుకోవడం, పెట్టినవి తిని వచ్చేయడం. పిల్లల పెళ్ళయిన ఆరేళ్ళ వరకూ మేమూ అంతే. ఆయనది వినగడప. పత్తి, మామిడి వ్యవసాయం. నేను గుమాస్తాగా రిటైరై తిరువూరులో ఉంటున్నాను. మా ఆవిడ మంచాన పడ్డాక నేను గడప దాటడం తగ్గిపోయింది. చూడటానికి వచ్చేవాళ్ళు మొదటి రెండు నెలలూ వచ్చారు, ఆ తర్వాత ఫోన్లు చేశారు, ఆ తర్వాత అవీ లేవు. ఆయన మాత్రం బుధవారం బుధవారం బస్సెక్కి వచ్చేవారు. మా ఆవిడ మంచం పక్కన కూర్చుని తోట సంగతులు చెప్పేవారు. ఆమె జవాబు అర్థం కాకపోతే "ఇంకోసారి చెప్పమ్మా, నాకు చెవుడొస్తాంది" అనేవారు. ఆయనకి చెవులు శుభ్రంగా వినపడేవి.

అట్లా వచ్చిన ఒక బుధవారం నా ఫోన్ తీసుకుని అందులో ఈ ఆట పెట్టారు. అంతకు ముందు సంవత్సరం కాలు విరిగి మూడు నెలలు ఇంట్లో పడుకున్నప్పుడు మా అల్లుడు ఆయనకి నేర్పాడట. "కాసేపు మనసు మళ్ళుద్ది బావగారూ. మీరు మరీ వాడిపోతన్నారు" అన్నారు.

ఆట తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. ఒక్కొక్కరికి ఒక కోట ఉంటుంది. గోడలు కట్టుకోవాలి, సైన్యాన్ని పెంచుకోవాలి. యాభై మంది దాకా కలిస్తే ఒక జట్టు. వారానికోసారి ఇంకో జట్టుతో యుద్ధం. అందులో మనిషికి రెండే దాడులు. ఏ కోట మీదికి ఎవరు వెళ్ళాలో ముందే అనుకుంటారు. ఒక్కడు పొరపాటు చేస్తే జట్టంతా ఓడిపోవచ్చు. తిట్లన్నీ అక్కడే పుడతాయి.

మొదటి రోజు నా దగ్గరున్న ఆట బంగారమంతా పెట్టి జెండాలు కొన్నాను. అవి అందానికే తప్ప ఎందుకూ పనికిరావని నాకు తెలియదు. జట్టులో ఒకడు "ఎవర్రా ఈ నూబ్, ఆగస్టు పదిహేను చేస్తున్నాడు" అని రాశాడు. కొత్తవాళ్ళని వెక్కిరించే మాటట అది. వెంటనే పది పదిహేను నవ్వు బొమ్మలు. ముప్పై ఏళ్ళు కుర్చీలో కూర్చుని పదిమందికీ చెప్పిన మనిషిని. చెవులు వేడెక్కాయి. ఆట తీసేద్దామనుకునేలోగా మా వియ్యంకుడు గారు రాసింది కనపడింది. "నేను మొదటి రోజు కోట చుట్టూ గోడ కట్టి వాకిలి పెట్టటం మరిచిపోయాను. నా సైన్యం మూడు రోజులు లోపలే ఉంది." నవ్వులన్నీ అటు మళ్ళాయి. నా జెండాలు ఎవరికీ గుర్తులేవు.

తర్వాత తర్వాత గమనించాను. కొత్తవాడెవడైనా తప్పు చేసి దొరికిపోతే అంతకంటే పెద్ద తప్పు తాను చేసినట్టు ఆయన చెప్పేవారు. ఒకడి కోసం వాకిలి లేని గోడ, ఇంకొకడి కోసం సొంత జట్టు మీదికే దాడికి బయల్దేరడం. ఒకసారి అడిగాను.

"ఇవన్నీ నిజంగా చేశారా బావగారూ?"

"కొన్ని చేశా. మిగతావి చెయ్యగలిగినోణ్ణే."

ఆయన రాసే తీరు కళ్ళకి కట్టినట్టుంది. ఫోన్ మోకాలి మీద పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఒక్క చూపుడువేలితో కొట్టేవారు. ఏళ్ళ తరబడి పత్తి తీసి వేలి చివర గరుకు తేలి ఉండేది. స్క్రీన్ ఒక్కోసారి పలికేది కాదు. వేలు తువ్వాలుకి తుడుచుకుని మళ్ళీ నొక్కేవారు. ఎవరైనా కొత్తగా చేరితే "రండి, కూర్చోండి" అని రాసేవారు. ఆటలో ఎక్కడ కూర్చుంటారు? కుర్రాళ్ళు మొదట దానికీ నవ్వారు. కొన్నాళ్ళకి వాళ్ళూ అదే రాయడం మొదలెట్టారు.

యుద్ధానికి ముందు రోజు కొత్తవాళ్ళని ఒక్కొక్కరినీ విడిగా పలకరించేవారు. అందరికీ కలిపి ఒకసారి చెబితే సరిపోదా అంటే ఒప్పుకునేవారు కాదు. "అడిగేవోడితో బాధ లేదు బావగారూ. అడగటానికి మొహమాటపడేవోణ్ణి మనమే పట్టుకోవాలి. లేకపోతే గమ్మున వెళ్ళిపోతాడు. వెళ్ళిన సంగతి కూడా మనకి తెలియదు."

నాకు అంత ఓపిక లేదు. ఇది ముందే చెప్పుకోవడం మంచిది.

ఏడాది తిరిగేసరికి ఆటలో నాకు బాగా చెయ్యి తిరిగింది. ఇల్లు కదలని మనిషిని కాబట్టి ఎప్పుడు చూసినా అందుబాటులో ఉండేవాణ్ణి. జట్టు నాయకుడు హైదరాబాదులో ఉద్యోగం చేసే అబ్బాయి. నన్ను ఉపనాయకుణ్ణి చేశాడు. ఆఫీసు అలవాటు పోక నేను పదకొండు నిబంధనలు రాసి పెట్టాను. చేరినవాళ్ళు ముందు అవి చదవాలి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, అందరూ అట్లాగే రాస్తారు కదా.

ఆ రోజుల్లో ఒక కొత్త మనిషి చేరాడు. పేరు చోట ఏవో మూడు అక్షరాలు నొక్కి వదిలేశాడు. ఏం చెప్పినా బొటనవేలు బొమ్మ పెట్టేవాడు తప్ప ఒక్క ముక్క రాసేవాడు కాదు. ఒక యుద్ధంలో అతనికి చెప్పిన కోట వదిలేసి వేరే కోట మీద పడ్డాడు, రెండుసార్లూ. వెంట్రుకవాసిలో ఓడిపోయాం.

ఆ పొద్దున మా ఆవిడ బాత్రూములో పడింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళి, ఎక్స్‌రే తీయించి, ఎముక విరగలేదనిపించుకుని, ఇంటికి తెచ్చి పడుకోబెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. అన్నం కూడా తినలేదు. ఫోన్ తెరిస్తే ఓడిపోయిన సంగతి, తిట్ల వరస. ఎవడెవడో ఏదేదో అంటున్నాడు. నేనూ ఒక మాట రాశాను. "చదవడం రాని వాళ్ళు ఇక్కడికి ఎందుకొస్తారు?" రాసి అతన్ని జట్టులోంచి తీసేశాను. ఒక మీట నొక్కితే చాలు. నిజం చెప్పాలంటే ఆ రోజు మొత్తంలో నాకు హాయిగా అనిపించిన క్షణం అదొక్కటే.

మర్నాడు చూస్తే జట్టులో మా వియ్యంకుడు గారి పేరు లేదు. ఆ బుధవారం రాలేదు. పై బుధవారమూ రాలేదు. ఫోన్ చేస్తే "పత్తికి మందు కొట్టిస్తన్నా బావగారూ" అని పెట్టేశారు.

మూడో వారం మా అమ్మాయి ఫోన్ చేసింది.

"నాన్నా, మామయ్యగారికీ నీకూ ఏమన్నా మాటపట్టింపు వచ్చిందా?"

"ఏం లేదమ్మా. ఆటలో..."

"ఆటలోనా!" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "నవ్వుతా చెప్తన్నా గానీ ఇంట్లో బాలేదు నాన్నా. మామయ్యగారు పలకరు. అత్తయ్య నన్ను అడుగుద్ది. నేనేం చెప్పను?"

పక్కింటావిడని మా ఆవిడ దగ్గర కూర్చోబెట్టి వినగడప బస్సెక్కాను. ఆయన అరుగు మీద స్ప్రేయర్ విప్పి నాజిల్ కడుగుతున్నారు. నన్ను చూసి ఎప్పటిలాగే లేచి నిలబడ్డారు. మా అమ్మాయి మజ్జిగ తెచ్చిచ్చి గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

"నా మీద కోపం వచ్చిందా బావగారూ?" అన్నాను.

"కోపం కాదండి." నాజిల్‌లోకి ఊది చూశారు. "మీరు రాసిన మాట నిజమే. ఆయనకి చదవటం రాదు."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"అంకెలు తెలుసు, బొమ్మలు గుర్తుపడతాడు. అక్షరం రాదు. సత్తుపల్లి అవతల మామిడి తోటకి కాపలా. మనిషి మొహం కనపడని చోటు. రోజంతా ఒక్కడే ఉంటాడు. నేను వాయిస్ మెసేజీలు పెడతా ఉండేవాణ్ణి. ఆ రోజు నా ఫోన్ పాడై రిపేరుకిచ్చా. ఏ కోటో చెప్పేవాళ్ళు లేక కనపడిందాని మీద పడ్డాడు."

నేను గ్లాసు కింద పెట్టాను.

"మీరు రాసింది టీ కొట్టు దగ్గర ఎవరిచేతనో చదివించుకున్నాడంట. ఆ చదివినోడు గట్టిగా చదివాడంట, పదిమందిలో."

గుమ్మం దగ్గర మా అమ్మాయి తల దించుకుంది. ఆమె ముందు కాకపోతే బాగుండుననిపించింది.

"నాకొక్కడికైనా చెప్పాల్సింది బావగారూ."

"ఎవరికీ చెప్పొద్దన్నాడండి. సిగ్గు కదా." ఆయన నాజిల్ తుడిచి పక్కన పెట్టారు. "చెప్తే ఏమవుద్ది? ఆయన్ని ఉంచేవారు. నాకు తెలుసు. చదువొచ్చి కూడా పొరపాటు చేసినోణ్ణి ఇంకో వారం తీసేసేవారు."

మిగిలిన మజ్జిగ తాగి లేచాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నా ఉద్యోగం రోజులు తలుచుకున్నాను. ఏ ఊళ్ళో, ఏ ఆఫీసులో అన్నది అనవసరం. కౌంటరు అవతల కాగితం పట్టుకుని వచ్చినవాళ్ళు ఏదో అడిగేవారు. నేను తల ఎత్తకుండా "గోడ మీద రాసుంది, చూసుకో" అనేవాణ్ణి. కొందరు గోడ వైపు చూసేవారు. చాలాసేపు చూసేవారు. అంతసేపు ఎందుకు చూస్తున్నారో ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నాకు అలసటగా ఉండేది. ఆ అలసట అబద్ధం కాదు. ఇంట్లో ఇబ్బందులు, పైవాళ్ళ తిట్లు, సాయంత్రానికి నడుం నొప్పి. అయితే అలిసిపోవడం అవతలివాడి తప్పు కాదు కదా. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. బస్సు దిగేసరికి నాకే తోచింది.

ఆ తోటకాపరి కోసం ఆయన వేరే జట్టు పెట్టారు. మొదట ఇద్దరే ఇద్దరు. నన్ను రమ్మన్నారు. "క్షమాపణలు ఎందుకండి, వచ్చి ఆడండి" అన్నారు. నేను వెంటనే వెళ్ళలేదు. పాత జట్టులో ఉపనాయకుణ్ణి. ఉద్యోగంలో ఆఖరి దాకా ప్రమోషన్ రాలేదు, ఆ పదవి వదులుకోబుద్ధి కాలేదు. నెలన్నర పట్టింది. చివరికి ఒకరోజు అది వదిలేసి ఇక్కడ చేరాను. అప్పటికి ఏడుగురున్నారు. వాళ్ళలో పుట్రేలకెళ్ళే దారిలో టైలరు షాపు నడిపే ఒకావిడ ఉంది, పెద్ద జట్లు వెళ్ళగొట్టినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు.

ఆ జట్టులో రాసిన నిబంధనలు లేవు. అన్నీ ఆయన గొంతులోనే ఉండేవి, ఒక్కొక్కటి అర నిమిషం. వెనక గేదె అరుపు, మోటారు చప్పుడు, మధ్యలో మా అమ్మాయి "మామయ్యగారూ, అన్నం" అనడం కూడా వినపడేవి. ఎవరు చేరినా అవి పంపేవారు. అర్థం కాలేదంటే మళ్ళీ కొత్తగా చెప్పేవారు, పాతది తిప్పి పంపేవారు కాదు. "అదే పంపితే ఒకసారి చెప్పాను కదా అన్నట్టుంటదండి" అనేవారు.

నా క్షమాపణ సంగతి. నాలుగైదుసార్లు రికార్డు చేసి చెరిపేశాను. ఒక్కోసారి అది మరీ ఆఫీసు లెటరులా ఉండేది, ఒక్కోసారి ఏడుపులా ఉండేది. చివరికి "ఆ రోజు నేను రాసింది తప్పండి, మన్నించండి" అని ఒక్క ముక్క పంపాను. చాలాసేపటికి తోటకాపరి గొంతు వచ్చింది. మొదటిసారి వినడం. నెమ్మదిగా, కాస్త బొంగురుగా ఉంది. "సరేనండి సార్. రేపు మీరు ఎడం పక్క నుంచి రండి. కుడి పక్క ఫిరంగులున్నాయి." అంతే. నేను ఎడం పక్క నుంచే వెళ్ళాను. ఆ దాడి గెలిచాను.

ఎక్కువసార్లు ఓడిపోయేవాళ్ళం. మా వియ్యంకుడు గారు ఓటమికి బాధపడనివారేమీ కాదు. మొహం ముడుచుకుని అరగంట ఎవరితోనూ మాట్లాడేవారు కాదని మా అమ్మాయి చెప్పేది. ఆ అరగంట ఫోన్ ముట్టుకునేవారు కాదు. అంతే తేడా. నేను ఆ అరగంటలోనే ఫోన్ తీసేవాణ్ణి.

ఆయన పోయిన సంగతి ఆ రోజు నేనే గొంతుతో చెప్పాను. రెండు వాక్యాలకి మూడుసార్లు ఆగాను. జవాబులు రావడానికి సాయంత్రమైంది. అందరూ వాళ్ళ వాళ్ళ మొదటి రోజు గురించే చెప్పారు. ఎవరు ఏ తప్పు చేశారు, దానికి ఆయన ఏ తప్పు కలుపుకున్నారు. టైలరావిడ మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేసింది.

జట్టు బరువు ఇప్పుడు నా మీద పడింది. పెద్దకర్మ లోపల ఇద్దరు కొత్తవాళ్ళు చేరారు. ఒకడు జెండాలు కాదు గానీ విగ్రహాలు కొన్నాడు. నాకు చిరాకు వచ్చింది. ఆయనలాంటి మనసు నాకు లేదు, ఈ వయసులో రాదు కూడా. కాసేపు ఫోన్ బల్ల మీద పెట్టి, మా ఆవిడకి నీళ్ళిచ్చి, దిండు సర్ది, అప్పుడు తీసి చెప్పాను. గొంతులో చిరాకు కొంచెం ఉండే ఉంటుంది. అయినా చెప్పాను. రేపు ఇంకొకడు వస్తాడు, అదే అడుగుతాడు. తలుచుకుంటేనే నీరసం వస్తోంది.

మొన్న వినగడపలో పెద్దకర్మ జరిగింది. మా ఆవిడని చక్రాల కుర్చీతో సహా కారులో తీసుకెళ్ళాం. షామియానా కింద జనం భోజనాలు చేస్తున్నారు. గేటు దగ్గర ఎవరో "ఆటలాడే పెద్దాయన ఇల్లు ఇదేనాండి?" అని అడిగారు. మనిషి కంటే ముందు గొంతు తెలిసింది. సన్నగా, నల్లగా, యాభై ఏళ్ళుంటాయి. ఉతికిన తెల్లచొక్కా. రెండు బస్సులు మారి, ప్రతిచోటా బోర్డు ఏమిటని అడుగుతూ వచ్చాడట. నేనెవరో చెప్పాను. దణ్ణం పెట్టాడు. నేనూ పెట్టాను. ఫొటోకి పూలు వేశాడు, భోజనం చేశాడు. తర్వాత ఎక్కడ కూర్చోవాలో తెలియక ఖాళీగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. అది మా ఆవిడ పక్కది.

నేను వచ్చినవాళ్ళని సాగనంపి ఒక స్తంభానికి చేరగిలబడ్డాను. కాళ్ళు లాగేస్తున్నాయి. అక్కణ్ణుంచి చూశాను. అతను ఫోన్ తీసి మా ఆవిడ ఒళ్ళో పెట్టాడు. కోట చూపిస్తున్నాడు. ఆమె ఏదో అడిగింది, అతను ముందుకు వంగి విన్నాడు, మళ్ళీ విన్నాడు. ఇన్నాళ్ళూ ఆమె మంచం పక్కనే కూర్చుని ఆ ఆట ఆడాను. ఒక్కసారి కూడా ఆ ఫోన్ ఆమె చేతికిచ్చి నువ్వూ చూడు అనలేదు. ఆ ఆలోచనే రాలేదు.

దగ్గరికి వెళ్దామనుకున్నాను గానీ వెళ్ళలేదు. ఆమె ఎడమ చేతి వేలు నెమ్మదిగా స్క్రీన్ మీదికి వెళ్ళింది. ఎక్కడో తాకింది. అక్కడ కాదనుకుంటాను, నావైపు తిరిగి చూడబోయింది. అతను ఫోన్ ఇంకొంచెం దగ్గరికి జరిపి పట్టుకున్నాడు.

"పర్లేదమ్మా," అంటున్నాడు, "మళ్ళీ నొక్కండి. తొందరేం లేదు."